సంచీ కంటే ముందు చీటీ

దీపావళి వచ్చిందంటే సూరత్‌లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఆగుతుంది. బట్టల మార్కెట్లు మూతపడతాయి, కార్ఖానాలకు సెలవులిస్తారు, లింబాయత్, డిండోలి, ఉధ్నా బస్తీల్లోని తెలుగు ఇళ్లలో అటక మీది సూట్‌కేసులు కిందికి దిగుతాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, సిరిసిల్ల ప్రాంతాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో ఎంతగా పాతుకుపోయాయంటే, ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఇల్లు సూరత్‌లోనే అయినా ‘ఊరు’ అంటే మాత్రం అక్కడే. పండుగ సెలవులు, ఎండాకాలం పెళ్లిళ్లు, రెండేళ్లకోసారి మేడారం జాతర ఉండనే ఉన్నాయి. కాబట్టి ప్రయాణాలు తప్పవు.

తాపీ లోయ వెంట నందుర్‌బార్, జల్గావ్ మీదుగా భుసావళ్, అక్కడి నుంచి వార్ధా, బల్లార్షా దాటి వరంగల్. దాదాపు వెయ్యి కిలోమీటర్లు, ఒక రాత్రీ ఒక పగలూ. ఇంత దూరం పోయాక మర్చిపోయిన వస్తువు కోసం వెనక్కి రాలేరు. దువ్వెన మర్చిపోతే ఊళ్లో కొనుక్కోవచ్చు. ముసలాయన రోజూ వేసుకునే బీపీ మాత్రల చీటీ, కళ్లజోడు, ఆడపడుచు కూతురి పెళ్లికని ఏరికోరి కొన్న చీర బీరువాలోనే ఉండిపోతే ఏ కిరాణా కొట్టూ ఆదుకోదు.

చాలా ఇళ్లలో సర్దుడు పనంతా జ్ఞాపకం మీదే నడుస్తుంది. అదీ ఒక్కరి జ్ఞాపకం మీద. ఎవరి సాక్సులు ఎక్కడున్నాయో, ఎవరికి ఏ మందు పడదో, ఏ మేనత్తకు ఏ రంగు నచ్చదో అన్నీ ఇల్లాలి తలలోనే ఉండాలి. ఏదైనా తప్పిపోతే మాటా ఆమే పడాలి. రాసిపెట్టుకున్న లిస్టు వల్ల లాభాలేమిటని అడిగితే అందరూ ముందు సమయం ఆదా గురించి చెబుతారు. అంతకంటే పెద్ద లాభం వేరే ఉంది. తలలో ఉన్నది కాగితం మీదికి వచ్చిందంటే ఆ పని ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. పదేళ్ల పిల్లవాడు కూడా చదివి తన సంచీ తాను సర్దుకోగలడు.

జ్ఞాపకం ఎందుకు మోసం చేస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరంగానే చెప్పారు. జరిగిపోయినదాన్ని గుర్తు తెచ్చుకోవడం ఒక పని, చేయవలసినదాన్ని సమయానికి గుర్తు పెట్టుకోవడం మరో పని. రెండోది చాలా పెళుసు. మధ్యలో ఫోను మోగినా, ఆటో వచ్చిందని ఎవరైనా కేకేసినా జారిపోతుంది. బయల్దేరే గంటలో ఇంట్లో ఉండేవి సరిగ్గా ఆ ఫోన్లూ, ఆ కేకలే.

ఒకసారి రాసి మళ్లీ మళ్లీ వాడుకునే జాబితా తెలుగువాళ్లకు కొత్త కాదు. సత్యనారాయణ వ్రతమో గృహప్రవేశమో పెట్టుకుంటే పంతులుగారు ముందుగా చేతికిచ్చేది సామగ్రి చీటీ. పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, ఖర్జూరాలు, కొబ్బరికాయలు, ఏది ఎంత కావాలో అన్నీ అందులో ఉంటాయి. వ్రతాన్ని ఎన్నోసార్లు చేయించిన పంతులుగారికి అవన్నీ కంఠతా వచ్చు. అయినా చీటీ ఇస్తారు, ఎందుకంటే బజారుకు వెళ్లేది ఆయన కాదు. ఒకరి అనుభవాన్ని మరొకరి చేతికి అందించడమే ఆ కాగితం పని. పూజకు ఇంత పద్ధతి పాటించే ఇల్లు ప్రయాణానికి మాత్రం ప్రతిసారీ మొదటి నుంచి ఆలోచించుకుంటూ కూర్చుంటుంది.

అనుభవం ఎంత ఉన్నా జాబితా అవసరమేనని ప్రపంచం గట్టిగా నేర్చుకున్న రోజు ఒకటుంది. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ కొత్త బాంబర్ విమానం మోడల్ 299 పరీక్షకు లేచింది. నడిపిన మేజర్ ప్లోయర్ హిల్ ఆరితేరిన పైలట్. విమానం నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక రెక్కలు ఊగకుండా బిగించే తాళం ఒకటుంటుంది. ఆ రోజు దాన్ని తీయడం మర్చిపోయారు. విమానం నిట్టనిలువుగా పైకెళ్లి కూలిపోయింది. హిల్, బోయింగ్ పైలట్ లెస్లీ టవర్ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత సైన్యం పైలట్లు మరింత శిక్షణ కావాలని అడగలేదు. ఎగిరే ముందు, దిగే ముందు చూసుకోవలసిన పనులను ఒక చిన్న కాగితం మీద రాసుకున్నారు. అదే విమానం బీ-17 పేరుతో తర్వాత 12 వేలకు పైగా తయారైంది.

ఆసుపత్రులకు ఈ పద్ధతి చాలా ఆలస్యంగా చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం 19 అంశాల జాబితా తెచ్చింది. ఆ పనికి సారథి డాక్టర్ అతుల్ గవాండే. అమెరికాలో స్థిరపడిన మరాఠీ కుటుంబం ఆయనది. న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పరీక్షించి 2009 జనవరిలో ఫలితాలు ప్రచురించారు. పెద్ద సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ జాబితాను మూడు చోట్ల ఆగి చదువుతారు: మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని ఆపరేషన్ గది నుంచి బయటికి తీసుకెళ్లే ముందు. ఆ ఆగడంలోనే దాని బలమంతా ఉంది.

ఊరి ప్రయాణానికీ ఆ మూడు మజిలీలు చక్కగా సరిపోతాయి. మొదటిది బయల్దేరడానికి వారం ముందు. మందులు, పెట్టుబడి చీరలు, ఉతికించాల్సిన బట్టలు చూసుకునేది అప్పుడే. టికెట్ల సంగతి అంతకంటే ముందే చూసుకోవాలి, ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. టికెట్ తీసిన రోజే చీటీ మొదటి గడి నిండుతుంది. రెండోది సంచీ జిప్పు మూసే ముందు. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఒక్కో పేరూ చదువుతూ ఒక్కో వస్తువూ వెతకనక్కర్లేదు. చేతికి అలవాటైనట్టు సర్దేసి, ఆ తర్వాత చీటీ తీసి సరిచూసుకుంటే చాలు. మూడోది తాళం వేసే ముందు. ఇందులో సామాను పేరు ఒక్కటీ ఉండదు: గ్యాస్ రెగ్యులేటర్ కట్టేశారా, నీళ్ల మోటారు ఆపారా, ఫ్రిజ్‌లో పాలూ కూరలూ మిగిలాయా, దేవుడి దగ్గర దీపం కొండెక్కిందా, పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చారా.

సూరత్ వాళ్ల చీటీలో రైలుకు సంబంధించిన కొన్ని వరసలు తప్పకుండా ఉండాలి. అర్ధరాత్రి దాటాక ఎక్కే రైలైతే టికెట్ మీది తేదీ మర్నాటిది. పన్నెండో తేదీ అని ఉంటే పదకొండు రాత్రే స్టేషన్‌కు చేరాలి. స్టేషన్ పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్లను ఉధ్నాకు మార్చారు కాబట్టి ఎక్కే చోటు ప్రతిసారీ చూసుకోవాలి. పశ్చిమ రైల్వే 2021లో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు బోగీల్లో చార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపే పద్ధతి పెట్టింది. అందుకని ఫోన్లు ఇంట్లోనే చార్జ్ చేసుకుని బయల్దేరాలి. టికెట్‌లో ఉన్నవారిలో ఒకరి దగ్గరైనా అసలు గుర్తింపు కార్డు ఉండాలి, డిజిలాకర్‌లోని ఆధార్ కూడా చెల్లుతుంది. స్లీపర్‌లో ఒక్కొక్కరికి 40 కిలోల సామాను ఉచితం. బంధువులందరికీ దుప్పట్లూ డ్రెస్ మెటీరియలూ మోసుకెళ్లే ఇళ్లకు ఈ లెక్క అవసరం. చిన్న గ్యాస్ సిలిండర్, కిరోసిన్, పండక్కి మిగిలిన టపాసులు రైలెక్కితే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అందుకే ‘తీసుకెళ్లకూడనివి’ అని కూడా చీటీలో ఒక మూల రాసుకోవడం మంచిది. విమానంలో వెళ్లేవాళ్లయితే పవర్ బ్యాంకు చేతిసంచీలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు.

కాగితాల సంచీ గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు భయంతో కొద్దిరోజుల్లోనే లక్షల మంది చేతికందినవి పట్టుకుని సూరత్ విడిచి వెళ్లారు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో చాలా భాగాన్ని ముంచింది. ఈ రెండూ చూసిన నగరంలో రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల బడి సర్టిఫికెట్లు, ఇంటి పత్రాలు ఒక నీళ్లు పట్టని కవర్లో, ఒకే చోట, ఏడాది పొడవునా సిద్ధంగా ఉండాలి. ఊరికి తీసుకెళ్లేవాటిని అందులోంచి తీసి, రాగానే మళ్లీ అందులోనే పెట్టే ఇంటికి ఆపద వేళ వెతుకులాట ఉండదు.

చీటీ ఎలా దాచుకోవాలన్నది ఎవరి వీలు వారిది. బీరువా తలుపు లోపల అంటించిన కాగితానికి ప్లాస్టిక్ తొడిగి స్కెచ్ పెన్నుతో టిక్కులు పెట్టి తుడుచుకోవచ్చు. ఫోన్‌లో రాసి ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పిన్ చేసుకోవచ్చు. పారేయకపోవడమే ముఖ్యం. సాంచా మీద జకార్డ్ కార్డు ఎలాగైతే అదే పువ్వును అలసట లేకుండా మళ్లీ మళ్లీ తేలుస్తుందో, చీటీ కూడా అలా తిరిగి తిరిగి పనికొచ్చినప్పుడే రాసిన శ్రమకు ఫలితం దక్కుతుంది. అది పొడుగైపోతే ఎవరూ చదవరు. ‘టవల్’ అని గుర్తు చేయక్కర్లేని ఇంట్లో ఆ మాట తీసేయాలి. ‘చిన్నోడి నెబ్యులైజర్’ అని మాత్రం పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఇక తిరుగు చీటీ. దాన్ని రాసే ఇళ్లు చాలా తక్కువ. ఊరి నుంచి వచ్చేటప్పుడు సామాను రెట్టింపవుతుంది: ఆవకాయ జాడీ, కారం, పసుపు, సకినాలు, అమ్మమ్మ ఇచ్చిన బియ్యం. వాటి హడావుడిలో చార్జర్లు గోడకే ఉండిపోతాయి, పిల్లల బడి పుస్తకాలు మేనమామ ఇంట్లో మిగిలిపోతాయి. పచ్చడికి మూత బిగించి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, నిలబెట్టి ఉంచే సంచీలోనే పెట్టాలన్న సంగతి కూడా ఈ చీటీలోకి చేరాలి. రైలు బల్లార్షా దాటాక చేతినిండా తీరికే. తెచ్చి వాడనివి కొట్టేసి, లేక ఇబ్బంది పడినవి కలుపుకుంటూ పోతే, భుసావళ్ వచ్చేసరికి వచ్చే ఏటి దీపావళి చీటీ తయారైపోతుంది.