కెమెరాతో వేట

పిల్లలూ, వేట అంటే జంతువుల్ని చంపడం అనుకుంటాం కదా? ఈ వేటలో చేతిలో ఉండేది కెమెరా. మలేషియాలో దీనికి పేరున్న చోటు సబాలోని కినబటంగన్ నది. పొడవు 560 కిలోమీటర్లు.

సుకావ్ ఊరి నుంచి గైడు చిన్న పడవలో తీసుకెళతారు, తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యాహ్నం ఎండకి జంతువులు నీడ పట్టున ఉండిపోతాయి. సాయంత్రమైతే పొడుగు ముక్కు కోతులు నిద్రకోసం ఏటి ఒడ్డు చెట్లెక్కుతాయి. ఇవి సహజంగా బోర్నియో దీవిలోనే బతుకుతాయి.

కోతులు కనబడగానే గైడు ఇంజను ఆపేస్తారు. మాట్లాడకూడదు, ఫ్లాష్ వేయకూడదు. పడవ ఊగుతుంది కాబట్టి షట్టర్ వేగం పెంచాలి. లేకపోతే ఫోటో మసకగా వస్తుంది.

ఇక్కడ జంతువులు ఇంత తేలిగ్గా ఎందుకు కనబడతాయి? ఒక కారణం సంతోషించేది కాదు. చుట్టూ అడవి కొట్టేసి పామాయిల్ తోటలు వేశారు. వాటికి మిగిలింది ఏటి పక్కన సన్నటి అడవే. 2005లో అందులో సుమారు 26,000 హెక్టార్లని అభయారణ్యంగా ప్రకటించారు. అదీ ముక్కలు ముక్కలుగానే ఉంది. ఒక ముక్క నుంచి ఇంకోదానికి వెళ్ళాలంటే ఏనుగులు తోటలు దాటాలి. అందుకే ఒక్క ఫోటోలోనైనా జంతువు వెనకాల ఉన్న తోటని కూడా కనబడనివ్వండి.

కొత్త మాట: అభయ + అరణ్యం = అభయారణ్యం. భయం లేకుండా బతికే అడవి.

మీ పని: ఇంటి దగ్గర ఒక పిట్టని ఫోటో తీయండి. అదేం చేస్తోంది? వెనకాల ఏముంది? 3 వాక్యాలు రాయండి.