మీకు తెలుసా? చిటికెన వేలితో తిరిగే స్టీరింగ్

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మొదట వచ్చింది ఖరీదైన పెద్ద కారులో కాదు, 1988లో జపాన్‌లో అమ్మిన సుజుకి సెర్వో అనే బుల్లి కారులో! అంతకుముందు వాడిన హైడ్రాలిక్ పద్ధతిలో ఇంజిన్ నడిచినంతసేపూ పంపు దాని శక్తిని తింటూనే ఉండేది. ఎలక్ట్రిక్ మోటారు ముఖ్యంగా మనం తిప్పినప్పుడే కరెంటు తీసుకుంటుంది. చిన్న ఇంజిన్‌కు అది పెద్ద ఊరటే.

స్టీరింగ్‌లోని సెన్సర్ మన చేతి బలాన్ని కొలుస్తుంది. కారు వేగాన్ని బట్టి మోటారు ఎంత సాయపడాలో కంప్యూటర్ తేలుస్తుంది. పార్కింగ్‌లో సాయం ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ తక్కువ. అయినా కొన్ని చిన్న కార్లలో హైవే మీద కూడా స్టీరింగ్ తేలిగ్గానే ఉంటుంది. బరువు స్టీరింగ్‌కు అలవాటుపడిన చేతులు అవసరానికి మించి తిప్పేస్తాయి, కారు అటూ ఇటూ ఊగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు మరి!

భయపడి బిగించి పట్టుకుంటే ఊగడం ఇంకా పెరుగుతుంది. గడియారంలో 9, 3 అంకెలుండే చోట వదులుగా పట్టుకుని, చూపు దూరంగా రోడ్డు మీద నిలపాలి. నేరుగా పోతున్నప్పుడు ముందు చక్రాల అమరికే స్టీరింగ్‌ను మధ్యకు తెస్తుంది. లారీని దాటగానే పక్కగాలి కొడితే కాస్త సవరిస్తే చాలు.

మోటారు పనిచేయకపోతే? సాధారణంగా స్టీరింగ్ తిరుగుతూనే ఉంటుంది, కాకపోతే బాగా బరువెక్కుతుంది. టైర్లలో గాలి తగ్గినా దాని తీరు మారుతుంది. హైవే ఎక్కేముందు బంకులో గాలి చూపించుకోండి.