గూఢచారి చిత్రములను పిల్లలు ఏ వయస్సున చూడవచ్చును?

మాఘ ఫాల్గుణములు వచ్చునప్పటికి పల్నాటి నుండి ఒంగోలు వఱకు నల్లరేగడి పల్లెలలో మిరప కల్లములన్నియు ఎఱ్ఱబడును. తల్లి కాయకోతకు పోవును. తండ్రి రాత్రివేళ కల్లమువద్ద కావలి పండుకొనును. ఇంట మిగిలిన పిల్లలకు తోడుగా నుండునది తఱచుగా ఒక సెల్‌ఫోను. తుపాకులు ప్రేలునట్టియు, కార్లు గాలిలోనికి లేచునట్టియు గూఢచారి చిత్రములు అందులో ఎన్నియైనను దొరకును. తిరునాళ్లకును, దసరా పందిళ్లకును తెర కట్టి ఊరంతటికిని చిత్రమును చూపునప్పుడు సయితము, “మంచి ఫైటింగులున్న బొమ్మ వేయుడు” అని యువకులు కోరుచుందురు.

ఇట్టి చిత్రములను ఏ వయస్సు పిల్లలు చూడవచ్చును? ఈ ప్రశ్న తల్లిదండ్రులకు మాత్రమే కాదు, తెర కట్టుటకు అనుమతి నడుగగా తల యూపు పంచాయతీ సభ్యులకును సంబంధించినది. దీనికి చట్టము కొంత సమాధానము చెప్పుచున్నది. మిగిలినది మనము ఆలోచించి చెప్పుకొనవలెను.

నాటి చిత్రము, నాటి ప్రేక్షకులు

తెలుగువారికి గూఢచారి చిత్రములు క్రొత్తవి కావు. తెనాలి సమీపమునందలి బుర్రిపాలెమున జన్మించిన శ్రీ ఘట్టమనేని కృష్ణ కథానాయకుడుగా 1966లో “గూఢచారి 116” విడుదలయ్యెను. డూండీ నిర్మించిన ఆ చిత్రమునకు ఎం. మల్లికార్జునరావు దర్శకులు. మఱుసటి సంవత్సరము అదే కథ “ఫర్జ్” అను పేర హిందీలో వచ్చెను. కృష్ణగారికి “ఆంధ్రా జేమ్స్‌బాండ్” అను పేరు ఆ చిత్రముతోనే స్థిరపడినది.

నాడు నేల టిక్కెట్టు కొని తెరముందు కూర్చున్న బాలురు నేడు తాతలైనారు. “మేము చూడలేదా? మాకేమైనది?” అని వారడుగుచుందురు. ఆ మాటలో కొంత నిజమున్నది. పోరాట చిత్రమును చూచినంత మాత్రమున ప్రతి బిడ్డయు చెడిపోడు. కాని నాటికి నేటికి రెండు భేదములున్నవి. నాడు ఏడాదికి ఒకటి రెండు చిత్రములను పెద్దలతో కలిసి హాలులో చూచెడివారు. ఆట ముగియగానే తెర చీకటి యగును. నేడు బిడ్డ ఒంటరిగా, ఒకే ఘట్టమును పదిమార్లు చూడగలడు. రెండవది, నాటి చిత్రములలో మరణమును సూచించి విడిచిపెట్టిన చోట, నేటి చిత్రములు పలుమార్లు గాయమును, రక్తమును దగ్గఱనుండి చూపుచున్నవి.

చట్టము చెప్పునది

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టము ననుసరించి చిత్రములకు ధ్రువపత్రములు లభించుచున్నవి. 1983 వఱకు అందరును చూడదగిన “యు”, పెద్దలు మాత్రమే చూడదగిన “ఏ” అను రెండు తరగతులే ఉండెడివి. 1983లో “యుఏ” అను నడిమి తరగతియు, డాక్టర్లవంటి ప్రత్యేక వర్గములకు ఉద్దేశించిన “ఎస్” అను తరగతియు చేరినవి. పండ్రెండేండ్లలోపు పిల్లల విషయమున పెద్దలు ఆలోచించుకొనవలెనని “యుఏ” తెలుపుచుండెను. 2023లో చట్టమును సవరించి ఈ నడిమి తరగతిని యుఏ 7+, యుఏ 13+, యుఏ 16+ అని మూడుగా విభజించిరి.

ఇందు సభ్యులు గుర్తింపవలసిన విషయము ముఖ్యమైనది. “ఏ” తరగతి చిత్రమును పదునెనిమిదేండ్లు నిండనివారికి ప్రదర్శించుట చట్టవిరుద్ధము. యుఏ తరగతుల సంగతి అట్టిది కాదు. అచటి సంఖ్య తల్లిదండ్రులకును సంరక్షకులకును చెప్పిన సలహా మాత్రమే. దానిని అమలుపఱచు బాధ్యతయు వారిదే. హాలు వాకిట నిలిచినవాడు ఆ పని చేయునని తలంచుట పొరపాటు.

ఫోనులలో చూచు చిత్రముల విషయమై 2021లో కేంద్రప్రభుత్వము నియమములను చేసినది. చందా కట్టి చూచు వేదికలు తమ చిత్రములకు ఇట్టి వయస్సు గుర్తులనే వేయవలెను. 13+ మొదలుకొని పై తరగతులకు తల్లిదండ్రులు తాళము వేసికొను ఏర్పాటు కల్పింపవలెను. తాళము వారిచ్చినను, వేయవలసినది మనమే. చిత్రమునుండి కత్తిరించి చేతినుండి చేతికి పంపుకొను తునుకలపై ఏ వయస్సు గుర్తును కానరాదని మఱువరాదు.

కథానాయకుని పేరును చూచి చిత్రమును నిర్ణయింపరాదు. బ్రిటనులో జేమ్స్‌బాండ్ చిత్రములే ఇందుకు తార్కాణము. 1989లో వచ్చిన “లైసెన్స్ టు కిల్” చిత్రమును పదునైదేండ్లు నిండినవారికే పరిమితము చేసిరి. 2006లో వచ్చిన “కాసినో రాయల్” చిత్రమును పండ్రెండేండ్లలోపువారు పెద్దలతో కలిసి చూడవచ్చుననిరి. గూఢచారి యొకడే, చిత్రమునుబట్టి వయస్సు మాఱినది.

పసివాని భయము వేఱు, పెద్దపిల్లవాని భయము వేఱు

ఇటీవల మేము పర్యటించిన ఒక గ్రామమున, పండుగనాటి రాత్రి ప్రదర్శించిన పోరాట చిత్రమును ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు చూచిరి. ఐదేండ్ల పాప ఆ రాత్రి మొదలు పెరటిలోనికి ఒంటరిగా పోనని మారాము చేసినది. తొమ్మిదేండ్ల బాలుడు మఱునాడు పత్తి బోరెముల గుట్టమీదనుండి, తాను చూచిన వీరునివలె దూకి చేయి విఱుగగొట్టుకొనెను. పదునాలుగేండ్ల అక్క మాత్రము, “దేశముకొఱకైనను పట్టుబడినవానిని అట్లు హింసింపవచ్చునా?” అని తండ్రి నడిగినది. చిత్రమొకటే; మూడు వయస్సులలో అది మూడు విధములుగా పనిచేసినది.

దీనికి కారణమున్నది. ఇంచుమించు ఏడేండ్ల వఱకు బిడ్డ కంటికి ఘోరముగా కనబడుదానికి భయపడును. అది నటనయని చెప్పినను ఆ భయము పూర్తిగా తీఱదు. ఎనిమిది తొమ్మిదేండ్లు వచ్చినపిమ్మట కల్పనకును నిజమునకును గల భేదము తెలియును. కాని అప్పుడు నిజముగా జరుగదగినదానికి భయపడును. “మాయాబజార్” చిత్రమున ఘటోత్కచుడు గద యెత్తిన ఆ వయస్సు పిల్లలు నవ్వుదురు. గూఢచారి చిత్రమున నడివీథిలో ఒక బాలుని కారులోనికి లాగికొనిపోయిన వణకుదురు. ఏలయన ఆ వీథి వారి వీథివంటిది; ఆ కారు వారు చూచినదే. ఆ వయస్సుననే అనుకరణమును మెండుగా నుండును. దూకినవాడు క్రింద పఱచిన మెత్తలమీద పడెనని తెర చూపదు. పదుమూడు దాటినవారికి భయము కొంత తగ్గును. కాని కొట్టినవాడే గొప్పవాడను భావము, ఒక ప్రాంతమువారో మతమువారో అందరును శత్రువులేయను భావము మనస్సున నాటుకొనవచ్చును. అచట కావలసినది నిషేధము కాదు, సంభాషణ.

ఇంటి పెద్దలకు

మిరపకాయలను అమ్మకమునకు పెట్టక మునుపు కల్లమున కూర్చుండి తాలును వేఱు చేయుచున్నాము. చిత్రముల విషయమునను అట్టి ఓపిక కొంత కావలెను. మొదట ధ్రువపత్రమును చూడుడు. అందు వ్రాసిన వయస్సు నిండనిచో ఆ చిత్రమును వాయిదా వేయుడు. నిండినను బిడ్డను గూర్చి మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇదివఱలో ఇట్టిది చూచిన రాత్రి చక్కగా నిద్రించెనా? ఆ పోరాటమును ఎట్లు చిత్రించియుందురో ఊహించి చెప్పగలడా? దెబ్బలు తప్ప కథ ఏమైనను గుర్తున్నదా? మూడింటికిని అవునని సమాధానము వచ్చినచో చూపవచ్చును. లేనిచో ఒక ఏడాది ఆగిన నష్టము లేదు.

వీలైనచో పెద్దలు ముందుగా చూడవలెను. లేక బిడ్డప్రక్కన కూర్చుండి చూడవలెను. నిదురబోవువేళ కంటె పగటివేళ మేలు. బిడ్డ కన్నులు మూసికొనినచో పిఱికివాడని గేలి చేయక చిత్రమును ఆపుడు. కోతల దినములలో ఇంట పెద్దలు లేనప్పుడు ఫోనులోని తాళమును తప్పక వేయుడు. దాని సంఖ్యను పిల్లలకు తెలియనీయకుడు. తాళము వేయుట తెలియనివారు గ్రామమునందలి ఉపాధ్యాయులనో, చదువుకొన్న యువకులనో అడిగి నేర్చుకొనవచ్చును.

పంచాయతీ చేయదగినది

ఇంటిలో తండ్రి తన బిడ్డ నొక్కని గూర్చి ఆలోచించును. ఊరి తెరముందు ఐదేండ్లవారును, పదునైదేండ్లవారును, చంకబిడ్డలును ఒకేచోట కూర్చుందురు. కావున బహిరంగముగా చూపు చిత్రమును అందఱిలో చిన్నవానినిబట్టి ఎన్నుకొనవలెను. “యు” తరగతి చిత్రమే అందులకు తగినది. “ఏ” తరగతి చిత్రము తలపెట్టదగినదే కాదు. యుఏ చిత్రమునే వేయవలెనని యువకులు పట్టుపట్టినచో, పిల్లలు ఇండ్లకు చేరినపిమ్మట ప్రత్యేకముగా ఆట వేయుటయు, ధ్రువపత్రమునందలి వయస్సును ముందుగా దండోరా వేయించుటయు మంచిది. చిత్రము పేరును, తరగతిని, హక్కుదారుల అనుమతిని నిర్వాహకులు ముందుగానే చూపవలెనని పంచాయతీ తీర్మానించుకొనిన పిమ్మట తగవులుండవు.

గ్రామసభలో ఈ విషయమును ఒక పావుగంట చర్చించుట మేలు. తల్లులు కూడ మాటలాడునట్లు చూడవలెను. బిడ్డ రాత్రి ఉలికిపడి లేచిన సంగతి ముందుగా తెలియునది వారికే. కోతల కాలమున పెద్దలు వచ్చువఱకు ఇరుగుపొరుగువారు వంతులవారీగా పిల్లలను కనిపెట్టుకొనియుండు ఏర్పాటు జరిగినచో, ఫోనుపై ఆధారపడు అవసరమే చాలవఱకు తగ్గును.

పిల్లలకు సాహసగాథలు కావలెను. దేశముకొఱకు ప్రాణమొడ్డు వీరుని చూచి వారి హృదయము ఉప్పొంగుట తప్పు కాదు. ఆ కథ భయముగా గాక స్ఫూర్తిగా అందు వయస్సు వచ్చువఱకు ఓపిక పట్టుట పెద్దల పని. ధ్రువపత్రము ఆ వయస్సును అంచనా వేయగలదు గాని, మన బిడ్డను ఎఱుగదు. ఎఱిగినవారము మనమే.