కిడ్నీకి ఎన్నేళ్లు?

రామతీర్థం జాతరకి వచ్చి బోధికొండ మెట్లెక్కేవాళ్లని కాసేపు గమనించండి. డెబ్భై దాటిన మామ్మ ఎక్కడా ఆగకుండా పైకి వెళ్లిపోతుంది. నలభై అయిదేళ్ల మనిషి సగం దారిలోనే ఆయాసంతో కూలబడతాడు. పుట్టిన తేదీ చెప్పే వయసు వేరు, ఒంటి వయసు వేరు. ఆ తేడా ఎక్కడ, ఎందుకు వస్తుందో పట్టుకోవడమే ఇవాళ వార్ధక్య పరిశోధనలో పెద్ద పని.

ఆ పక్కనే గురుభక్తకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. బౌద్ధం జర, వ్యాధి, మరణం మూడింటినీ ఒకే వరుసలో చెప్పింది. ఆధునిక వైద్యం చాలాకాలం వాటిని విడదీసి చూసింది. గుండెజబ్బుకొక నిపుణుడు, క్యాన్సర్‌కొక నిపుణుడు అంది. ఇప్పుడు మళ్లీ కలిపి చూస్తోంది. గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, మతిమరుపు జబ్బు, వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అతిపెద్ద ముప్పు వయసే కనక. అయితే ఒంట్లో అవయవాలన్నీ ఒకే వేగంతో ముసలివి కావు. ఇది అర్థం కావాలంటే దూరం పోనక్కర్లేదు. రామతీర్థం నుంచి సముద్రం వెంబడి ఈశాన్యంగా వెళ్తే, కొబ్బరి, జీడి తోటల మధ్య ఉద్దానం ఉంది. అక్కడ కిడ్నీలు మనిషికన్నా ముందే ముసలివవుతున్నాయి.

ముందు మామూలు కిడ్నీ సంగతి చూద్దాం. ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల నెఫ్రాన్లుంటాయి. రక్తాన్ని వడకట్టే సన్నని జల్లెడలివి. తల్లి కడుపులో ఉండగానే ఇవన్నీ తయారైపోతాయి. పుట్టాక కొత్తవి రావు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి నెఫ్రాన్లూ తక్కువే ఉంటాయి. అంటే కిడ్నీ వయసు లెక్క గర్భిణి తిన్న తిండి దగ్గరే మొదలవుతోంది. అమెరికాలో ఆరోగ్యవంతులైన కిడ్నీ దాతలను పరీక్షించిన అధ్యయనం 2017లో వచ్చింది. ఇరవైల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే డెబ్భై దాటినవాళ్లలో పనిచేసే నెఫ్రాన్లు దాదాపు సగమే ఉన్నాయి. ఎవరికీ కిడ్నీ జబ్బు లేదు! ఇంకో సంగతి నన్ను మరింత ఆలోచింపజేసింది. బాల్టిమోర్‌లో ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం ఫలితాలు 1985లో అచ్చయ్యాయి. కిడ్నీల వడకట్టే శక్తి సగటున ఏటా నిమిషానికి ముప్పావు మిల్లీలీటరు చొప్పున తగ్గింది కానీ, మూడో వంతు మందిలో అసలు తగ్గనే లేదు. ముసలితనమంటే అందరికీ ఒకే వాలు కాదన్నమాట.

ఉద్దానంలో ఆ వాలు నిటారైపోయింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా నడివయసులోనే కిడ్నీలు పాడవుతున్నాయి. విశాఖపట్నం వైద్యుడు టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వేలో, పరీక్షించిన పెద్దవాళ్లలో 18 శాతం మందికి కిడ్నీ పనితీరు జబ్బు హద్దుకి దిగువనే ఉంది. వాళ్లలో నూటికి డెబ్భై మందికి పైగా తెలిసిన కారణమేదీ దొరకలేదు. ఈ జబ్బు మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోనివ్వదు, నొప్పి పెట్టదు, కాళ్లు వాచేసరికే కిడ్నీ చాలా భాగం పాడైపోతుంది. శ్రీలంక వరిపొలాల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇలాంటిదే ఉంది. అన్నిచోట్లా బాధితుల్లో ఎక్కువమంది ఎండలో ఒళ్లొంచి పనిచేసేవాళ్లే.

ఊళ్లో అందరూ అడిగే ప్రశ్న 'క్రియాటినిన్ ఎంతొచ్చింది?' అని. ఆ ఒక్క అంకె చాలదు. అది కండరాల నుంచి వచ్చే వ్యర్థం కాబట్టి, బక్కచిక్కిన కూలీకి కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగా కనబడొచ్చు. దాన్ని వయసుతో, స్త్రీపురుష భేదంతో కలిపి లెక్కకట్టాలి. ఇప్పుడు వాడే సూత్రం ప్రకారం క్రియాటినిన్ 1.5 ఉన్న ముప్పై ఏళ్ల మగవాడి వడపోత నిమిషానికి సుమారు 64 మిల్లీలీటర్లు, అదే 1.5 ఉన్న డెబ్భై ఏళ్ల మనిషిది 50. డెబ్భైలో 50 ఉంటే డాక్టరు కంగారుపడకుండా గమనిస్తూ ఉండొచ్చు. ముప్పైలో 64 అంటే మాత్రం నాకు భయమే. ఆ మనిషి ముందు ఇంకా నలభై ఏళ్లున్నాయి.

కిడ్నీ తొందరగా ముసలిదైతే నష్టం దానితో ఆగదు. 1997లో జపాన్‌లో మకోటో కురో-ఓ బృందం క్లోతో అనే జన్యువుని గుర్తించింది. అది లేని ఎలుకలు ఎముకలు పలచబడి, రక్తనాళాలు గట్టిపడి, రెండు మూడు నెలలకే చచ్చిపోయాయి. ఆ క్లోతో ప్రొటీన్ ముఖ్యంగా తయారయ్యేది కిడ్నీలోనే. జబ్బు ముదిరేకొద్దీ అది తగ్గుతుంది. కిడ్నీ రోగుల్లో చాలామందిని చివరికి గుండెజబ్బు తీసుకుపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

కిడ్నీ కణాలు పదేపదే దెబ్బతింటే కొన్ని చావకుండా, విభజన మానేసి మిగిలిపోతాయి. చుట్టూ వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. 2016లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు అలాంటి కణాలను ఎలుకల్లోంచి తొలగిస్తే, వాటి కిడ్నీలు మెరుగ్గా నిలిచాయి, ఆయుష్షూ పెరిగింది. మనుషులకి ఇది ఇంకా మందు కాదు. దాన్ని ఆశగా అమ్మేవాళ్లని నమ్మొద్దని గట్టిగా చెబుతున్నాను.

మరి ఉద్దానంలో ఆ దెబ్బ ఎక్కడిది? ఎండలో నీళ్లు లేక ఒళ్లు ఎండిపోవడం, భూగర్భజలంలోని సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు అన్నీ అనుమానంలో ఉన్నాయి. ఏదీ ఒంటరి దోషిగా తేలలేదు. ప్రభుత్వం 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ఆసుపత్రినీ, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకాన్నీ ప్రారంభించింది. నీరు మారడం అవసరమే. దానితోపాటు పని వేళలు కూడా మారాలని నా అభిప్రాయం. నికరాగువాలో చెరకు నరికేవాళ్లకి నీళ్లు, నీడ, తరచూ విరామం ఇచ్చి, కోతల ముందూ తర్వాతా క్రియాటినిన్ కొలిచారు. విశ్రాంతి పెరిగిన కోతల్లో కిడ్నీ దెబ్బలు తగ్గాయి. జీడి కోతలు మండువేసవిలోనే వస్తాయి. తోటల్లో పనికి దిగే కూలీలకి కోతల ముందొకసారి, చివర ఒకసారి అదే పరీక్ష చేయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. మండలంలో ఉన్న ల్యాబే చాలు.