రోజూ పొద్దున్నే లావెక్కే అక్షరాలు

రండర్రా, ఆ చాప ఇటు లాక్కోండి. నిన్న చిన్నది మంచి ప్రశ్న వేసింది. "తాతయ్యా, జిరాక్స్ షాపు బాబాయి కంప్యూటర్‌లో పొద్దున్నే అక్షరాలు లావుగా కనిపిస్తాయేం? ఆయన ఆపేసి, వెనకాల వైరు కదిపి, మళ్ళీ ఆన్ చేస్తాడు. అప్పుడు బాగుంటుంది. మర్నాడు మళ్ళీ మొదటికే. దానికి మతిమరుపా?" అని.

మతిమరుపో కాదో తేలాలంటే, ముందు ఎవరి జ్ఞాపకం గురించి మాట్లాడుతున్నామో తెలియాలి. తెరకి సంబంధించిన సంగతులన్నీ ఒకేచోట రాసిపెట్టి ఉండవు. మానిటర్ కింద మీటలు నొక్కి వెలుతురు తగ్గించామనుకోండి, అది మానిటర్ కడుపులోనే దాక్కుంటుంది. తెర మీద ఎన్ని చుక్కలు వెలగాలన్నది విండోస్ తన దగ్గర రాసుకుంటుంది. విండోస్ ఇంకా నిద్ర లేవకముందే కావలసినవి మదర్‌బోర్డు మీద ఉంటాయి. ఇందులో ఎవరు జారవిడిచారో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఈ మదర్‌బోర్డు కథ నాకు మహా ఇష్టం. 1981లో ఐబీఎం వాళ్ళు పీసీ తెచ్చినప్పుడు అసలు మతిమరుపు గొడవే లేదు. బోర్డు మీద బుల్లి బుల్లి స్విచ్చులుండేవి. తగిలించింది రంగుల తెరా, ఒకే రంగు తెరా అన్నది పెన్ను మొనతో ఆ స్విచ్చుని అటో ఇటో తోసి చెప్పాలి. తోస్తే తోసినట్టే ఉంటుంది, కరెంటు ఉన్నా పోయినా. 1984లో వచ్చిన పీసీ ఏటీలో ఆ పని చాలామటుకు ఒక చిన్న చిప్పుకి అప్పగించారు. దాంట్లో పట్టేది 64 బైట్లు. గడియారం, తేదీ, సెట్టింగులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. కరెంటు లేనప్పుడు దానికి ఊపిరి ఒక బ్యాటరీ.

ఇప్పటి బోర్డు మీద కూడా రూపాయి బిళ్ళలాంటి సెల్లు కనిపిస్తుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. అది పోషించే గడియారంలో చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఆ అంకెని సగం చేయండి, మళ్ళీ సగం, మళ్ళీ సగం... 15 సార్లు చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. అదే ఒక సెకను! పలక తెచ్చుకుని చేసి చూడండి, భలే ఉంటుంది. ఈ రోజుల్లో చాలా బోర్డుల్లో సెట్టింగులు బ్యాటరీ లేకపోయినా చెరగని చిప్పులోకి మారాయి, గడియారానికి మాత్రం ఆ బిళ్ళే దిక్కు. అందుకని రాత్రి ప్లగ్గు పీకేసి పొద్దున చూస్తే తేదీ ఎప్పటిదో పాతది కనిపించిందా, సెల్లు అయిపోయిందన్నమాట. కొత్తది వేయాలి. పాత బిళ్ళ మాత్రం పసిపిల్లల చేతికి అందకుండా పారేయాలి. మింగితే గొంతులో పుండు పడి ప్రాణం మీదికొస్తుంది, ఇది ఆషామాషీ కాదు.

బాబాయి కంప్యూటర్‌లో తేదీ నిక్షేపంగా ఉంది. సెల్లు తప్పు కాదు. విండోస్‌లో కొలత మార్చగానే "ఇలాగే ఉంచమంటారా?" అని అడిగి 15 సెకన్లు లెక్కపెడుతుంది, చూశారా? ఉంచమని నొక్కకపోతే పాతదానికి వెళ్ళిపోతుంది. తెర నల్లబడిపోతే మనిషి ఏమీ నొక్కలేడు కదా, అందుకే ఆ ఏర్పాటు. బాబాయి అదీ నొక్కుతూనే ఉన్నాడు.

ఇక అసలు సంగతికొద్దాం. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ మానిటర్ తన పరిచయం తాను చెప్పుకుంటుంది. ఈ పద్ధతి 1994లో వచ్చింది, దాన్ని ఈడీఐడీ అంటారు. మొత్తం 128 బైట్లు. తయారుచేసినవాళ్ళ గుర్తు మూడక్షరాలు, పుట్టిన సంవత్సరం, తెర ఎన్ని సెంటీమీటర్లు, ఎన్ని చుక్కలైతే తనకి ఇష్టం, అన్నీ అందులో ఉంటాయి. చివరి బైటు లెక్క సరిచూసుకోవడానికి. 128 అంకెలూ కూడితే వచ్చేది 256తో శేషం లేకుండా భాగించబడాలి. లేకపోతే దారిలో ఏదో చెడిందని కంప్యూటర్‌కి తెలిసిపోతుంది.

మన పెళ్ళిళ్ళలో మీ అమ్మమ్మ వడ్డన చూశారుగా. తెలిసిన చుట్టమైతే "ఈయనకి కారం పడదు, ఆవిడకి పెరుగు గట్టిగా కావాలి" అని గుర్తుపెట్టుకుని వడ్డిస్తుంది. మొహం ఎరగనివాళ్ళు కూర్చుంటే? పప్పు, అన్నం, నెయ్యి. ఎవరికైనా పడతాయి, ఎవరికీ చెరుపు చెయ్యవు. విండోస్ చేసేదీ అదే. పరిచయం అందకపోతే 1024, 768 లాంటి ఏ తెరకైనా పడే కొలత పెట్టేస్తుంది. బాబాయి తెరకి ఇష్టమైన కొలత 1920, 1080 గుణిస్తే 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలు. ఇక్కడేమో 7 లక్షల 86 వేలే. అదే గాజు మీద అన్ని తక్కువ చుక్కలు పరిస్తే అక్షరం లావెక్కక ఏం చేస్తుంది?

అయితే బాబాయి పెట్టుకున్న సెట్టింగు ఎక్కడికీ పోలేదర్రా! విండోస్ ప్రతి మానిటర్‌కీ దాని గుర్తు మీద వేరే ఖాతా రాస్తుంది. పరిచయం అందని మానిటర్‌ని "నోఈడీఐడీ" అన్న పేరు మీద ఇంకో ఖాతాలో రాసుకుంటుంది. పొద్దున తెరుచుకునేది ఆ రెండో ఖాతా. వైరు కదిపాక వచ్చేది మొదటిది.

ఆ వైరు నీలం మూతి వీజీఏ వైరు. దాంట్లో 15 పిన్నులు, మూడు వరసలు. మొదటి వరసలో మొదటి మూడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మోస్తాయి. పరిచయం మోసేవి మూడో వరసలో రెండోదీ, చివరిదీ. రంగులు వెళ్ళే దారి వేరు, పరిచయం వెళ్ళే దారి వేరు! అందుకే పరిచయం తెగినా బొమ్మ మాత్రం వస్తూనే ఉంటుంది, ఎవరికీ వైరు మీద అనుమానమే రాదు. వెలుతురులో పట్టుకుని చూస్తే మూడో వరస చివరి పిన్ను రవ్వంత పక్కకి ఒరిగి ఉంది. అన్నీ ఆపేసి, సన్న పట్టకారుతో నిదానంగా నిలబెట్టాం. రెండో వరసలో ఒక పిన్ను అసలు లేనే లేదు, దానికి కంగారుపడకండి, చాలా వైర్లలో తొమ్మిదోది పెట్టరు. మూతికి రెండు పక్కలా ఉన్న మరలు బాబాయి ఏనాడూ బిగించలేదు. అవి బిగిస్తేనే ఊగకుండా ఉంటుంది.

హెచ్‌డీఎంఐ వైరుకి మామూలుగా ఆ మరలు ఉండవు. పరిచయం దాంట్లోనూ వేరే దారినే వెళ్తుంది. వైరు బరువుకి మూతి కిందికి జారకుండా ఆ వైరుని బల్ల కాలుకి ఒక తాడుముక్కతో వదులుగా కట్టండి.