బొగ్గుల కుంపటి వాకిట్లోనే ఉండనివ్వండి

డిసెంబరు చలి మొదలైతే చాలు, సాయంత్రం వేళ బొగ్గుల మీద ఏదైనా కాల్చుకు తినాలని ఇంటిల్లిపాదికీ అనిపిస్తుంది. ఇదివరకు మొక్కజొన్న పొత్తులు, పచ్చడికి వంకాయలు కాల్చుకునేవాళ్లం. ఇప్పుడు చేపలు, కోడి ముక్కలు కూడా హోటల్లో లాగా ఇంట్లోనే కాల్చమని పిల్లలు అడుగుతున్నారు. చిన్న చిన్న గ్రిల్ పొయ్యిలు బజారులో దొరుకుతున్నాయి. ఆసుపత్రి నుంచి మనిషి కోలుకుని ఇంటికి వచ్చిన సంతోషంలోనో, క్రిస్మస్‌కో, సంక్రాంతికో నలుగురూ కూర్చుని ఇలా వండుకోవడం మంచిదే. వేపుడుకు పట్టేంత నూనె కూడా దీనికి అక్కరలేదు.

అయితే బొగ్గుల పొయ్యి గురించి కొన్ని సంగతులు ముందుగా తెలుసుకోవాలి. మనం పొగను చూసి భయపడతాం, పొగ తగ్గగానే ఇక ఫరవాలేదనుకుంటాం. కానీ పొగ లేకుండా ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచే ప్రాణం తీసే విషవాయువు వస్తుంది. ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది ఇదే.

ఏ బొగ్గు వాడాలి?

వంటకు కట్టెబొగ్గు మాత్రమే వాడాలి. సరుగుడు, తుమ్మ కట్టెలను గాలి సరిగా తగలకుండా కాల్చి చేసిన బొగ్గు మన ప్రాంతంలో దొరుకుతుంది. కొబ్బరి చిప్పల బొగ్గు కూడా మంచిదే. బొగ్గు పొడిగా, తేలికగా ఉండాలి. తడి బొగ్గు చిటపటలాడి నిప్పురవ్వలు ఎగజిమ్ముతుంది. నలుగురికి వండడానికి సుమారు 1 కిలో సరిపోతుంది.

గనుల నుంచి వచ్చే నేలబొగ్గు, అంటే రాక్షసి బొగ్గు, వంటకు పనికిరాదు. దాని పొగలో గంధకపు వాయువులు, ఇతర విషపదార్థాలు ఉంటాయి. ఇళ్లలో శుద్ధి చేయని నేలబొగ్గును ఇంధనంగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సూచించింది. రంగు వేసిన చెక్కలు, పాత తలుపు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు కూడా నిప్పులో వేయకండి.

పొయ్యి మీద పెట్టే జాలీ మామూలు ఇనుముతో గాని, స్టీలుతో గాని చేసినదై ఉండాలి. కంచెలకు వాడే జింకు పూత వల వాడకండి. బాగా వేడెక్కితే ఆ పూత నుంచి హానికరమైన పొగ వస్తుంది.

పొయ్యి ఎక్కడ పెట్టాలి?

ఆరుబయటే పెట్టాలి. వాకిట్లో, పెరట్లో, డాబా మీద నాలుగు వైపులా గాలి ఆడే చోట పెట్టండి. గది, వంటిల్లు, కారు షెడ్డు, షట్టరు వేసే కొట్టు, అద్దాలు బిగించిన బాల్కనీ ఇవేవీ ఆరుబయలు కావు. కిటికీ తెరిచినా, ఫ్యాను వేసినా చాలదు. వాన వస్తే వంటకాన్ని లోపలికి తెచ్చుకోండి, పొయ్యిని మాత్రం తేవద్దు.

ఎందుకంటే బొగ్గు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. ఊపిరితో లోపలికి వెళ్లిన ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను, ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక మెదడుకు, గుండెకు అందవలసిన ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే స్పృహ కోల్పోతారు. గర్భిణీ స్త్రీ పీల్చితే కడుపులోని బిడ్డకు కూడా ప్రమాదం.

ఇంటి గోడకు, షామియానాకు, ఆరేసిన బట్టలకు, గ్యాసు సిలిండరుకు దూరంగా పొయ్యి పెట్టండి. వట్టి సిమెంటు గచ్చు మీద నిప్పులు పోస్తే గచ్చు పెచ్చులు లేచి ఎగిరిపడవచ్చు. కింద ఇటుకలు పేర్చి, పక్కనే ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక ఉంచుకోండి.

ఎలా వెలిగించాలి?

1. నైలాన్, సిల్కు బట్టలు కాకుండా నూలు బట్టలు కట్టుకోండి. చీర కొంగు బొడ్డులో దోపుకోండి, చున్నీ తీసి పక్కన పెట్టండి.

2. అడుగున కొబ్బరి పీచు, ఎండు చిదుగులు పెట్టి, వాటి మీద చిన్న బొగ్గు ముక్కలు కుప్పగా పేర్చి వెలిగించండి. విసనకర్రతో మెల్లగా విసరండి. చిన్నవి అంటుకున్నాక పెద్దవి వేయండి.

3. కిరోసిన్, పెట్రోలు, స్పిరిట్, శానిటైజరు పోయకండి. ముఖ్యంగా నిప్పు సరిగా అంటుకోలేదని మధ్యలో పోయడం చాలా ప్రమాదం. మంట క్షణంలో చేతిలోని డబ్బా దాకా ఎగబాకుతుంది.

4. తొందరపడకండి. బొగ్గుల మీద తెల్లని బూడిద పొర కట్టడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అప్పుడే వంట మొదలుపెట్టాలి. మంట లేచేటప్పుడు పెడితే పైన మాడిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది.

ఎలా కాల్చాలి?

కొత్తగా మొదలుపెట్టేవారు మొదట మొక్కజొన్న పొత్తులు, వంకాయలు, చిలగడదుంపలతో ప్రారంభించండి. వేడి అంచనా తెలిశాక చేపలకు, కోడికి వెళ్లవచ్చు.

నిప్పులన్నీ పొయ్యిలో ఒక పక్కకు జరపండి. వేడి ఎక్కువగా ఉన్న వైపు ముక్కలను రెండు పక్కలా ఎర్రబడనిచ్చి, తరువాత నిప్పులు లేని వైపుకు జరిపి మూత పెట్టండి. మూతకున్న గాలి రంధ్రాలు తెరిచి ఉంచండి. చందువా, పండుగప్ప వంటి చేపలకు గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. జాలీకి కాస్త నూనె రాస్తే చేప అంటుకోదు. చేప కండ ముల్లు నుంచి తేలికగా విడివడితే ఉడికినట్టు.

కోడి తొడ ముక్కలు లోపలిదాకా ఉడకడానికి అరగంట దాకా పట్టవచ్చు. ఎముక దగ్గర కోసి చూడండి. ఎరుపు కనిపించకూడదు, కారే రసం తేటగా ఉండాలి. వంట థర్మామీటరు ఉంటే ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలో కాల్చిన ముక్కలు పెట్టకండి. పచ్చి ముక్కలు నానిన మసాలాను కాలిన ముక్కల మీద పూయకండి. వాంతులు, విరేచనాలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.

కొవ్వు నిప్పుల మీద పడి లేచే పొగలోను, నల్లగా మాడిన భాగంలోను క్యాన్సర్ కారక పదార్థాలు ఉంటాయి. అందుచేత కొవ్వు ముందే తీసివేయండి, మాడిన భాగం కోసి పారవేయండి. ఇటువంటి వంట ఎప్పుడో ఒకసారికి బాగుంటుంది, రోజూ వద్దు.

మిగిలిన నిప్పులు ఏం చేయాలి?

అసలు ప్రమాదం వంట అయిపోయాకే ఎక్కువ. చలిగా ఉందని, దోమలు పోతాయని, మిగిలిన నిప్పులను గదిలో పెట్టుకుని తలుపులు వేసి పడుకునేవారు ఉన్నారు. బాలింత మంచం దగ్గర కుంపటి పెట్టడం, సాంబ్రాణి నిప్పులను పసిబిడ్డ గదిలోనే రాత్రంతా ఉంచడం కూడా అలవాటు. పెద్దవాళ్లు ప్రేమతోనే ఈ పని చేస్తారు. వారికి నొచ్చుకోకుండా నచ్చజెప్పండి: అమ్మా, ఆ రోజుల్లో పెంకుటింటి సందుల్లోంచి గాలి ఆడేది, ఇప్పుడు స్లాబు ఇళ్లలో తలుపు వేస్తే గాలి పోయే దారి లేదు అని చెప్పండి. పాత ఇళ్లలో కూడా ఇది క్షేమం కాదు. తల్లీబిడ్డలకు వెచ్చదనం కావాలంటే దుప్పటి, టోపీ, మేజోళ్లు చాలు. బిడ్డను తల్లి రొమ్ముకు హత్తుకుని ఉంచడం అన్నిటికంటే మంచిది.

నిప్పులను పొయ్యిలోనే మూత గట్టిగా మూసి, రంధ్రాలు కూడా మూసి, ఆరుబయటే మరునాటి దాకా వదిలేయండి. లేదా ఇసుక కప్పండి. నీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆవిరి ఎగదన్ని ముఖం, చేతులు కాలుతాయి. పైకి బూడిదలా కనిపించినా లోపల గంటల తరబడి నిప్పు ఉంటుంది. చెత్తబుట్టలో, పిల్లలు తిరిగే చోట పారబోయకండి.

విషవాయువు పీల్చినట్టు ఎలా తెలుస్తుంది?

తలనొప్పి, తల తిరగడం, వికారం, వాంతి, నీరసం, మత్తుగా ఉండడం, మాట తడబడడం దీని లక్షణాలు. జ్వరం ఉండదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అయితే, తిన్నది పడలేదని సరిపెట్టుకోకండి. నిప్పు ఎక్కడుందో చూడండి.

తలుపులు తెరిచి, వెంటనే అందరినీ ఆరుబయటకు తీసుకురండి. 108కి ఫోన్ చేయండి. మత్తులో ఉన్నవారి నోట్లో నిమ్మరసం, మజ్జిగ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆసుపత్రిలో మొదటి మాటగా "గదిలో బొగ్గులు ఉన్నాయి" అని చెప్పండి. ఆ మాట వల్ల వెంటనే ఆక్సిజన్ పెట్టడానికి వీలవుతుంది.

ఇంకొక సంగతి. 2020లో కోవిడ్ వచ్చినప్పటి నుంచి చాలా ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సిమీటరు ఉంది. ఈ విషవాయువు పట్టుకున్న రక్తాన్ని ఆ మీటరు మంచి రక్తంగానే లెక్కిస్తుంది. మనిషి ప్రమాదంలో ఉన్నా 98 అని చూపవచ్చు. ఆ అంకెను నమ్మి ఇంట్లో ఉండిపోకండి.

చేయి కాలితే

కాలిన చోటును 20 నిమిషాలపాటు కుళాయి నీళ్ల ధార కింద ఉంచండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీయండి. పేస్టు, సిరా, పసుపు, పెరుగు, కోడిగుడ్డు సొన రాయకండి. ఐసు పెట్టకండి. బొబ్బలు చిదపకండి. శుభ్రమైన నూలుగుడ్డ వదులుగా కప్పండి. ముఖం, చేతులు, కీళ్ల దగ్గర కాలినా, కాలిన చోటు రోగి అరచేయి కంటే పెద్దదైనా, పసిపిల్లలకు, వృద్ధులకు, షుగరు ఉన్నవారికి కాలినా ఆసుపత్రికి తీసుకురండి. బట్టలంటుకుంటే పరుగెత్తనివ్వకండి. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, లేదా మందపాటి నూలు దుప్పటి కప్పండి.

ఇంట్లో రోగి ఉంటే

ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారిని పొగ వచ్చే వైపు కూర్చోబెట్టకండి. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారికి నిప్పు తొక్కినా తెలియదు. వారు చెప్పులు లేకుండా పొయ్యి దగ్గరకు రాకూడదు. ఇంటి వద్ద ఆక్సిజన్ మీద ఉన్న రోగి నిప్పుకు దరిదాపుల్లో కూడా ఉండకూడదు. ఆక్సిజన్ గొట్టం దగ్గర చిన్న నిప్పురవ్వ కూడా పెద్ద మంట అవుతుంది. వారికి పళ్లెం గదిలోకే అందించండి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారి ముక్కలకు ఉప్పు తగ్గించి మసాలా వేరుగా పట్టించండి.

యోహాను సువార్త 21వ అధ్యాయంలో పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రపు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసిన శిష్యులను పిలిచి పెట్టిన సంగతి మనకు తెలుసు. మీ ఇంట కూడా అలాంటి ప్రేమ విందు జరగాలి. ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి లేచి, కుంపటి ఇంటి బయటే ఉందో లేదో చూడండి. దేవుడు మీ ఇంటివారినందరినీ క్షేమంగా కాపాడును గాక.