మోకాలిని అడిగి సరిచూసుకున్న లెక్క

60 కిలోల మనిషి మెట్లు దిగేటప్పుడు ఆ మనిషి మోకీలు మీద దాదాపు 200 కిలోల బరువంత ఒత్తిడి పడుతుంది. ఒళ్లంతా కలిపి 60 కిలోలైతే మిగతాదంతా ఎక్కడిది? కండరాలది. కర్ర చివర మూట తగిలించి భుజాన వేసుకున్నవాడు ముందు కొసను చేత్తో కిందికి అదిమి పట్టుకోవాలి. అప్పుడు భుజం మూట బరువుతో పాటు ఆ చేతి బలాన్నీ మోస్తుంది. మోకాలు వంగినప్పుడు తొడ ముందు కండరాలు చేసే పని ఆ చేతి పనే. కాలు కుప్పకూలకుండా అవి గట్టిగా లాగుతాయి. లాగినప్పుడల్లా తొడ ఎముకను కింది ఎముకకు వేసి నొక్కుతాయి. ఈ నొక్కుడు బయట ఏ త్రాసుకూ అందదు. కనుక లెక్కగట్టే తెలుసుకోవాలి.

ఆ లెక్క కంప్యూటర్ కంటే ముందే మొదలైంది. 1891లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ బ్రౌనె, గణితవేత్త ఒట్టో ఫిషర్ కలిసి ఒక మనిషి ఒంటికి వెలిగే గాజు గొట్టాలు కట్టి, చీకట్లో నడిపించి ఫొటోలు తీశారు. మరుసటి ఏడాదే బ్రౌనె చనిపోయారు. ఆ కొన్ని అడుగుల నడకకు సంబంధించిన లెక్కల్ని ఫిషర్ 1904 దాకా ప్రచురిస్తూనే ఉన్నారు. నడక శాస్త్రంలో ఇంత ఓపిక ఇంకెక్కడా కనిపించదనిపిస్తుంది నాకు.

మోకీలు లోపలి ఒత్తిడికి నమ్మదగ్గ అంకె 1970లో వచ్చింది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో, స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జె.బి. మారిసన్ అడుగు పడేచోట నేలలో బలాన్ని కొలిచే పలక అమర్చారు. కాలి కదలికను ఫిల్ము మీద పట్టారు. ఏ కండరం ఎప్పుడు పనిచేస్తోందో వాటి విద్యుత్ సంకేతాలను బట్టి గుర్తించారు. మామూలు నడకలో మోకీలు మీద పడే గరిష్ఠ బలం శరీర బరువుకు సగటున మూడు రెట్లని తేల్చారు.

ఆ బలాన్ని లెక్కగట్టడంలోనే అసలు చిక్కు ఉంది. మోకాలిని కదిపే కండరాలు పదికి పైనే. కీలును తిప్పే బలం, అంటే మెలిబలం, మొత్తం ఎంతో న్యూటన్ సూత్రాలు చెబుతాయి గానీ, అందులో ఏ కండరం వాటా ఎంతో చెప్పవు. సమీకరణాలు తక్కువ, తెలియనివి ఎక్కువ. జవాబులు లెక్కలేనన్ని. మారిసన్ కండరాలను కొన్ని జట్లుగా కలిపి ఈ చిక్కును దాటారు. ఆ తర్వాతివాళ్లు కంప్యూటర్‌ను ఆశ్రయించారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో అలీ సీరెగ్, ఆర్వికర్ కండరాలను విడివిడిగా పెట్టి, మొత్తం శ్రమ వీలైనంత తగ్గే పంపకాన్ని వెతకమని యంత్రానికి అప్పగించారు. 1975లో వాళ్ల నమూనా ఇచ్చిన జవాబు శరీర బరువుకు ఏడు రెట్లు! మూడా, ఏడా? తేల్చి చెప్పగల సాక్షి ఎవరూ లేరు. 1981లో క్రౌనిన్‌షీల్డ్, బ్రాండ్ అనే పరిశోధకులు మరో నియమం తెచ్చారు: ఎక్కువసేపు అలసిపోకుండా ఉండేలా కండరాలు భారం పంచుకుంటాయని. అది సబబుగా తోస్తుంది. సబబుగా తోచినదల్లా నిజం కావాలని లేదు.

1990లో స్టాన్‌ఫర్డ్‌లో స్కాట్ డెల్ప్ ఈ లెక్కలకు కంప్యూటర్ తెర మీద ఆకారం ఇచ్చారు. ఎముకలు, వాటి మీదుగా తాళ్లలా సాగే కండరాలు, కావలసినట్టు తిప్పి చూడగల కీళ్లు. సర్జన్లు కండరాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి మారిస్తే ఏమవుతుందో ముందే చూసుకోవాలన్నది ఆశయం. ఆ కండరాల కొలతలు వచ్చింది కొద్దిపాటి మృతదేహాల నుంచి. తర్వాత 2009లో 21 మృతదేహాల మీద మళ్లీ కొలిచారు. ఆ మృతుల సగటు వయసు 83. ఇరవయ్యేళ్ల ఆటగాడి మోకాలిని లెక్కగట్టే నమూనా లోపల కూడా ఆ వృద్ధుల కండరాలే ఉండవచ్చని గుర్తుంచుకోవాలి. డెల్ప్ బృందం 2007లో ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఎక్కువమంది వాడే దాని నమూనాల్లో ఒకదానిలో 92 కండర పోగులుంటాయి.

సాక్షి దొరికింది మాత్రం 2004లో. కాలిఫోర్నియాలోని లా హోయాలో స్క్రిప్స్ క్లినిక్‌లో డారిల్ డిలీమా, క్లిఫర్డ్ కోల్‌వెల్ ఒక వృద్ధుడికి మోకీలు మార్పిడి చేస్తూ, బలాన్ని కొలిచి రేడియో తరంగాలతో పంపే కృత్రిమ కీలు అమర్చారు. నడకలో అది పంపిన అంకె శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల మధ్య. ఏడు కూలిపోయింది. ముప్పయ్యేళ్లు దాటిన మారిసన్ మూడు దగ్గరగా నిలబడింది. ఎక్కువ కండరాలు పెట్టినంత మాత్రాన నమూనా నిజానికి దగ్గరవదు. బెర్లిన్ బృందం కూడా ఇలాంటి కీళ్లతో అయిదుగురిలో కొలిచి 2010లో సగటులు ప్రకటించింది: నడకలో 2.6 రెట్లు, మెట్లు ఎక్కేటప్పుడు 3.2, దిగేటప్పుడు 3.5. మొదట్లో చెప్పిన 200 కిలోలు ఈ లెక్కే.

నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ తర్వాత జరిగింది. బి.జె. ఫ్రెగ్లీ, డిలీమా, మరికొందరు కలిసి పోటీ పెట్టారు. అలాంటి కీలున్న మనిషి నడక వివరాలన్నీ అందరికీ ఇచ్చి, కీలు కొలిచిన అంకెలు మాత్రం దాచేశారు. ముందు జవాబు పంపాలి, తర్వాతే అసలు అంకెలు చూడాలి. చూశాక నమూనాను సరిదిద్ది రెండో జవాబూ పంపవచ్చు. తన లెక్క నలుగురి ముందు తప్పుతుందని తెలిసీ పంపడం శాస్త్రజ్ఞుడికి చిన్న విషయం కాదు.

ఇలాంటి పరీక్ష లేకపోతే ఏమయ్యేదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మోకాలి లోపలివైపు అరుగుదల ఉన్నవాళ్లు నడక తీరు మార్చుకుంటే, బయటి నుంచి లెక్కగట్టే పక్కవాటు మెలిబలం తగ్గుతుంది. అది తగ్గితే లోపలి ఒత్తిడీ తగ్గుతుందనుకున్నారు. 2010లో కొలిచే కీలున్న ఒక మనిషిలో చూస్తే, మెలిబలం తగ్గినా కొన్ని చోట్ల ఒత్తిడి తగ్గలేదు. మోకాలు ఎక్కువ వంచడంతో తొడ ముందు కండరాలు మరింత లాగాయి, తగ్గిన భారాన్ని అవి పూడ్చేశాయి.

ఇప్పుడు రెండు స్మార్ట్‌ఫోన్ల వీడియోలతోనే కీళ్ల బలాలను అంచనా వేసే ఓపెన్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. కానీ ఈ నమూనాలు ఎక్కువగా పెరిగింది నడక మీద, కుర్చీల్లో కూర్చునే దేశాల్లో. మన ఇళ్లలో గొంతుక్కూర్చుని బట్టలుతుకుతారు, పొలంలో అలాగే కూర్చుని కలుపు తీస్తారు. అంతగా వంగినప్పుడు తొడ వెనకభాగం పిక్కకు ఆనుతుంది. ఆ ఆసరాను లెక్కలో చేరిస్తే మోకీలు మీది బలం బాగా తగ్గుతుందని నెదర్లాండ్స్‌లోని పరిశోధకులు 2009లో చూపారు. దాన్ని వదిలేసిన నమూనా గొంతుక్కూర్చున్నవాళ్ల మోకాలి మీద లేని భారం మోపుతుంది. తొడ ఎంత మందం, పిక్క ఎంత మందం, మడమ నేలకు ఆనిందా లేదా అన్నదాన్ని బట్టి ఆ ఆసరా మారుతుంది. అది కొలవాల్సింది నేల మీద కూర్చుని పనిచేసేవాళ్ల దగ్గరే.